పితృఋణము – పుత్రుని బాధ్యత

తండ్రి తీర్చక విడిచిపోయిన అప్పును పెరిగి పెద్దవాడైన కొడుకు తీర్చవలెనా యను ప్రశ్న చూచుటకు చిన్నది. తెలుగునాట ఏ గ్రామమున నడిగినను తీర్చవలసినదే యను సమాధానము తొలుత వచ్చును. ఎందుకు తీర్చవలెనని మరల నడిగినచో సమాధానములు వేఱు వేఱుగా నుండును. తండ్రి ఆస్తి తీసికొన్నాడు గనుక నని ఒకరును, తండ్రికి సద్గతి కలుగవలెను గనుక నని ఒకరును, ఊరిలో మాట పోవును గనుక నని మఱియొకరును చెప్పుదురు. పరువు మాట యటుంచి, తక్కిన రెండు కారణములను ధర్మశాస్త్రకర్తలు వేఱు వేఱుగా నెఱిగియుండిరి. ఆస్తిని బట్టి వచ్చు బాధ్యత ఒకటి, జన్మమును బట్టి వచ్చు బాధ్యత మఱియొకటి. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల న్యాయస్థానములు ఈ రెంటిని కలిపివైచినవి. ఆ కలయిక వలన ప్రధానముగా లాభపడినవాడు ఉత్తమర్ణుడు, అనగా అప్పిచ్చినవాడు. అది యెట్లు జరిగినదో చూపుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఋణ శబ్దము వైదిక వాఙ్మయమున ధనమునకు మాత్రమే పరిమితమైనది కాదు. బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు ఋణములతో పుట్టుననియు, బ్రహ్మచర్యముచే ఋషులకును, యజ్ఞముచే దేవతలకును, సంతానముచే పితరులకును ఋణము తీర్చుననియు తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. సంస్కృత భారతము ఆదిపర్వమున పాండురాజు నాలుగు ఋణముల నెత్తుకొని, మనుష్యులకు తీర్చవలసిన ఋణమును గూడ వానిలో చేర్చెను. కొడుకు పుట్టుటయే తండ్రికి ఒక ఋణవిమోచనము. అట్లు పుట్టిన కొడుకు తండ్రి చేసిన లౌకిక ఋణమును గూడ తీర్చవలెనను భావము ఈ మూలమునుండి మొలకెత్తినదని చెప్పుటకు సందేహింప నక్కఱలేదు. తెలుగున ఋణానుబంధ మను మాటను మనము పెండ్లికిని, స్నేహమునకును, పాడియావుకును గూడ వాడుచుందుము. బంధమును అప్పుగా నెంచు అలవాటు మన నుడికారమున నంతగా జీర్ణించిపోయినది.

స్మృతులు మాత్రము ఈ భావమును భావముగానే విడువలేదు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము. వివాదములన్నిటిలో అప్పు వివాదమునకే అగ్రస్థాన మిచ్చుట గమనింపదగినది. అప్పు తీర్చక మరణించినవాని గతిని గూర్చి స్మృతికారులు భయంకరముగా చెప్పిరి. అట్టివాడు ఉత్తమర్ణుని యింట దాసుడుగానో పశువుగానో మరల జన్మించునట. తపస్వి గాని, అగ్నిహోత్రి గాని ఋణముతో మరణించినచో వాని తపఃఫలమును, అగ్నిహోత్రఫలమును అప్పిచ్చినవారికే చెందునని నారదుడు చెప్పెను. పుణ్యమును గూడ జప్తు చేయు ఈ ఊహ చమత్కారమైనది. ఈ దుర్గతి నుండి తండ్రిని తప్పించువాడు కొడుకు. కావున బాధ్యతకు మూలము తండ్రి ఆత్మ యెడ కొడుకునకు గల కర్తవ్యము. అప్పిచ్చినవాని హక్కు దానికి తోడుగా వచ్చినది.

ఇట్టి కర్తవ్యమునకు హద్దు లేకపోయినచో కొడుకు బ్రతుకు దుర్భరమగును. హద్దులను స్మృతికారులు శ్రద్ధగా గీచిరి. వ్యవహారప్రాప్తి లేని బాలుడు, అనగా పదునాఱేండ్లు నిండనివాడు, స్వతంత్రుడైనను ఋణమునకు భాగి కాడని నారదుని మతము. తండ్రి దేశాంతరగతుడైనచో ఇరువది సంవత్సరములు గడువకమున్ను కొడుకు తీర్చ నక్కఱలేదు. తండ్రి మరణించినను, తిరిగి రాకున్నను, తీఱని వ్యసనమున మునిగియున్నను, కొడుకులును మనుమలును ఋణమును తీర్చవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. అందును తరతమ భేద మున్నది. తండ్రి అప్పును తన అప్పువలెనే వడ్డీతో తీర్చవలెను. తాత అప్పునకు అసలు మాత్రమే చెల్లింపవలెను. ముత్తాత అప్పును మునిమనుమడు తీర్చ నక్కఱలేదు. ఇది బృహస్పతి వచనము. తరము దూరమైనకొలది బాధ్యత పలుచనగుటను ఇంత స్పష్టముగా లెక్కగట్టిన శాస్త్రము మఱియొకటి కలదేమో నే నెఱుగను.

అప్పు యెట్టిదను విచారణ వీని యన్నిటికంటె ముఖ్యమైనది. త్రాగుడుకై, కామమునకై, జూదమునకై చేసిన అప్పును, చెల్లింపక మిగిలిన దండమును, శుల్కమును, వ్యర్థముగా చేసిన దాన వాగ్దానమును కొడుకు తీర్చ నవసరము లేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మనుగౌతములును ఇంచుమించుగా ఇదే పట్టిక నిచ్చిరి. ఇతరునికి జామీనుగా నిలుచుట వలన వచ్చిన భారమును గూడ మనువు ఇందు చేర్చి, ధనము చెల్లింతునని ఒప్పుకొన్న ప్రతిభువు విషయమున మాత్రము వారసులు బద్ధులగుదురని వెంటనే సవరించెను. ఉశనసుడు ఒక్క మాటలో వ్యావహారికము కాని అప్పు కొడుకునకు చెందదని తేల్చెను. ఈ యొక్క మాట తరువాతి కాలమున పెక్కు తీర్పులకు మూలమైనది. దానిని గూర్చి ముందు చెప్పుదును.

పైని చెప్పిన కర్తవ్యము ఆస్తితో ముడిపడినదా, కాదా? యాజ్ఞవల్క్యుడు బాధ్యులను ఒక వరుసలో పేర్కొనెను. మృతుని ధనమును గ్రహించిన రిక్థగ్రాహి మొదటివాడు. అతని భార్యను స్వీకరించినవాడు రెండవవాడు. తండ్రి ధనము పరుల చేత లేని పుత్రుడు మూడవవాడు. ఇందు ఒక చిక్కు కలదు. పుత్రు డుండగా ఇతరుడు రిక్థగ్రాహి యగుట యెట్లు? పుత్రుడే రిక్థగ్రాహి యైనచో వానిని వేఱుగా చెప్పుట యెందుకు? విజ్ఞానేశ్వరుడు ఈ శంకను తానే లేవనెత్తి తానే సమాధానము చెప్పెను. అంధుడు మున్నగు దాయార్హత లేని పుత్రులుందురు. అన్యాయవర్తనుడగుటచే ధనమునకు నోచని పుత్రు డుండును. అట్టివా డున్నను ధనము ఇతరునికి పోవును. అప్పుడు అప్పు ధనమును వెంబడించి పోవును. ధనమును గ్రహించినవాడును, భార్యను స్వీకరించినవాడును లేనిచోట పుత్రుడే తీర్చవలెను. తండ్రి ధనము ఏమియు లేకున్నను పుత్రత్వ మాత్రముననే పుత్రుడు బాధ్యుడని మితాక్షర విస్పష్టముగా నిర్ణయించుచున్నది. కావున శాస్త్రమున రెండు సూత్రములు ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. అప్పు ఆస్తిని అనుసరించు ననునది యొకటి. ఆస్తి లేకున్నను పుత్రునికి కర్తవ్యము కలదనునది రెండవది. మొదటిది కొడుకును గాని, పరుని గాని సమానముగా పట్టుకొనును. రెండవది కొడుకును మనుమనిని మాత్రమే పట్టుకొనును. అయితే పైని చెప్పిన హద్దులన్నియు దానికి కావలి కాయుచున్నవి.

మితాక్షర మనకు పరాయి గ్రంథము కాదు. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున అది రచింపబడినది. పదుమూడవ శతాబ్దమున తిక్కన శిష్యుడగు కేతన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. విజ్ఞానేశ్వరీయ మను ఆ గ్రంథము ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములుగా నున్నది. దశకుమారచరిత్రమును, ఆంధ్రభాషాభూషణమును రచించిన కవి ధర్మశాస్త్రమునకు దిగుట ఆ కాలపు తెలుగు సభలలో వ్యవహార నిర్ణయమునకు దేశభాష కావలసివచ్చినదనుటకు సాక్ష్యము. మన సాహిత్య చరిత్రకారులు కేతన వ్యాకరణమునకిచ్చిన స్థానము ఈ గ్రంథమునకు ఈయకుండుట నాకు లోపముగా తోచుచున్నది. అప్పులకు సంబంధించిన మన పదజాలమును పరిశీలించినచో చరిత్ర పొరలు పొరలుగా కనబడును. అప్పు, కుదువ, తాకట్టు మన మాటలు. వడ్డి వృద్ధి శబ్దభవము. బాకీ, తనఖా, జామీను, వసూలు, జప్తు, దస్తావేజు మహమ్మదీయ పరిపాలన కాలమున దిగినవి. ప్రామిసరీ నోటు, డిక్రీ, కోర్టు ఇంగ్లీషువారు తెచ్చినవి. అప్పు చేయుటకు మన మాట యుండగా, వసూలు చేయుటకు పరభాషా పదము రావలసివచ్చినది.

ఇక న్యాయస్థానముల సంగతి. 1772లో వారన్ హేస్టింగ్సు బెంగాలున ఏర్పఱచిన పద్ధతిలో దాయము, వివాహము, కులము, మతాచారము అను విషయములలో హిందువులకు శాస్త్రము ననుసరించి తీర్పు చెప్పవలెనని నిబంధింపబడినది. ఈ ధోరణియే క్రమముగా తక్కిన రాజధానులకు వ్యాపించినది. స్మృతులలో ఒకే ప్రకరణముగా నున్న ఋణాదానము దీనివలన రెండుగా చీలిపోయినది. అప్పు, వడ్డీ, కాలపరిమితి అనునవి క్రమముగా ఒప్పందపు చట్టమునకు, కాలపరిమితి చట్టమునకు పోయినవి. కొడుకు బాధ్యత మాత్రము హిందూ ధర్మశాస్త్ర మను పేర నిలిచిపోయినది. దీని ఫలితము సామాన్యమైనది కాదు. శాస్త్రమున వడ్డీకి హద్దు కలదు; ఒక్కసారిగా వసూలు చేయు వడ్డీ అసలును మించరాదు. 1855లో వడ్డీ పరిమితి చట్టములు రద్దయినవి. ద్విగుణ నియమము బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరమునను నిలిచినను, మద్రాసు రాజధానిలో సామాన్యముగా అమలు కాలేదు. తండ్రి అప్పును కొడుకు మీద మోపు సూత్రము నిలిచినది గాని, ఆ అప్పును పెరగనీయక పట్టియుంచు సూత్రము ఆంధ్రదేశమున నిలువలేదు. ఒకే చెట్టుకొమ్మలలో ఒక కొమ్మను నఱికి రెండవ కొమ్మను పెంచిన ట్లయినది.

అటుపిమ్మట తీర్పులు వరుసగా వచ్చినవి. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు, కొడుకు బాధ్యత తప్పుట అప్పు స్వభావమును బట్టియే గాని ఆస్తి స్వభావమును బట్టి కాదని పలికెను. 1874లో గిర్ధారీలాల్, కాంతూలాల్ వ్యాజ్యమున ఈ వాక్యము మఱింత బలపడినది. బొంబాయి న్యాయస్థానములు మితాక్షరను అక్షరాల ననుసరించి, ఆస్తి ఏమియు రాకున్నను కొడుకు స్వయముగా బద్ధుడని తీర్పులిచ్చుచుండెను. అది లోకమునకు మిక్కిలి కఠినముగా తోచుటచే 1866లో బొంబాయి శాసనసభ ఒక చట్టము చేసి, మృతునినుండి వచ్చిన ఆస్తి మేరకే వారసుడు బాధ్యుడని నిర్ణయించెను. మద్రాసున 1881లో పొన్నప్ప పిళ్ళ వ్యాజ్యమున హైకోర్టు పూర్ణపీఠము ఈ బాధ్యతను సుదీర్ఘముగా చర్చించెను. 1882లో శివగిరి జమీందారీ వ్యాజ్యమున కొడుకు చేతికి వచ్చిన ఎస్టేటు తండ్రి అప్పునకు బాధ్యమని ప్రివీ కౌన్సిలు తేల్చెను. ఈ తీర్పులే సర్కారు, రాయలసీమ జిల్లాలకును శిరోధార్యములైనవి.

ఆస్తి మేరకే బాధ్యత అనుట కొడుకునకు మేలు చేసినట్లు కనబడును. కొంతవరకు చేసినమాట నిజమే. అయితే ఆస్తి యన నేమి? మితాక్షర కుటుంబమున కొడుకునకు పిత్రార్జితమున జన్మతో భాగము కలదు. అది తండ్రి యిచ్చినది కాదు, తండ్రి మరణముతో వచ్చినదియు కాదు. న్యాయస్థానములు ఈ జన్మభాగమును గూడ తండ్రి అప్పునకు బద్ధము చేసినవి. 1908 సివిలు ప్రొసీజరు కోడు 53వ సెక్షను దీనిని సూటిగా చెప్పుచున్నది. పూర్వికుని అప్పునకు హిందూ ధర్మము ననుసరించి బాధ్యమగు ఆస్తి కొడుకు చేతిలో నున్నచో, అది మృతుని ఆస్తిగానే భావింపబడును. ఇక్కడ జరిగినది సూక్ష్మముగా గమనింపవలెను. జన్మమును బట్టిన కర్తవ్యమును తీసికొని, దానిని ఆస్తి మీద నెక్కించిరి. శాస్త్రమున ఆస్తి లేకున్నను అంటియుండు కర్తవ్యము, ఇప్పుడు ఆస్తి యున్నంత మేరకే యుండును; కాని ఆ ఆస్తి కొడుకు సొంతభాగమైనను సరే.

రెండవ మార్పు ఇంకను పెద్దది. శాస్త్రమున కొడుకు బాధ్యత తండ్రి మరణముతోనో, దేశాంతరవాసముతోనో, తీఱని ఆపదతోనో ఆరంభమగును. 1924లో నివేదింపబడిన బ్రిజ్ నారాయణ్, మంగళప్రసాద్ వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు ఐదు సూత్రములను క్రోడీకరించి, తండ్రి జీవించియున్నాడా, మరణించినాడా అనుదానితో పని లేదని చివరి సూత్రముగా చెప్పెను. తండ్రి ఆత్మను ఉద్ధరించుటకై పుట్టిన బాధ్యత, తండ్రి బ్రతికి యుండగనే ఉత్తమర్ణునికి అందివచ్చినది. 1926లో మసీతుల్లా వ్యాజ్యమున మునిమనుమని గూడ బాధ్యులలో చేర్చిరి. బృహస్పతి విడిచిపెట్టినవానిని లండనున పట్టుకొనిరి! ఇక త్రాగుడు, జూదము మున్నగు దుర్వ్యయములకై చేసిన అప్పని నిరూపించు భారము కొడుకు మీదనే పడినది. 1879లో సూరజ్ బన్సీ కోయర్ వ్యాజ్యము నాటినుండి, ఆస్తి వేలములో పరుడు కొన్నచో, ఆ దోషము కొన్నవానికి తెలిసియుండెననియు కొడుకే చూపవలసి వచ్చెను. ఇరువదేండ్ల క్రితము తండ్రి తెచ్చిన నాలుగువందల రూపాయలు ఏ ఖర్చునకు పోయినవో కొడుకు సాక్ష్యములతో ఎట్లు నిరూపింపగలడు?

భాషా పరిశోధకులకు ఇందు ఒక ప్రత్యేక ప్రయోజనము కలదు. ఉశనసుని వ్యావహారిక శబ్దమునకు అర్థమేమి? దానిని కోల్‌బ్రూకు సన్నీతికి విరుద్ధమైన కారణము గల అప్పుగా ఇంగ్లీషున మార్చెను. అపరార్కుడు న్యాయ్యము కానిదని వివరించెను. బొంబాయి హైకోర్టు 1908లో దర్బార్ ఖాచర్ వ్యాజ్యమున లోకాచారమునకును చట్టమునకును సమ్మతము కానిదని విశాలముగా గ్రహించెను. వ్యవహార శబ్దమునకు లోకపు నడవడి, కొనుగోలు అమ్మకములు, న్యాయవివాదము అను మూడర్థములును కలవు. విశాలార్థము గ్రహించినచో తండ్రి అజాగ్రత్తచే తెచ్చుకొన్న బాధ్యతలు పెక్కు కొడుకును తాకవు. సంకుచితార్థము గ్రహించినచో కేవలము నీతిబాహ్యమైన అప్పులే తొలగును. 1959లో సుప్రీము కోర్టు జకాతీ వ్యాజ్యమున, సహకార బ్యాంకు మేనేజింగు డైరెక్టరుగా నుండిన తండ్రి తన విధులలో చేసిన లోపము వలన పడిన బాకీ అవ్యావహారికము కాదని నిర్ణయించెను. మన శబ్దార్థ చర్చ ఒక కుటుంబపు భూమిని నిలుపనో, పోగొట్టనో గలదని మనము తఱచుగా మఱచుచుందుము.

గ్రామములలో ఈ తీర్పులు ఏ రూపమున దిగినవో దస్తావేజులు చూచినవారికి తెలియును. క్రయపత్రములలోను, తనఖా పత్రములలోను పితృఋణ విమోచనార్థమనియు, కుటుంబ పోషణార్థమనియు వ్రాయుట పరిపాటి యైనది. వ్రాయసకానికి ఇది మంగళాచరణము వంటిది. కొన్నవానికి రేపు కొడుకులు దావా తెచ్చినచో కవచము. భాగపరిష్కార పత్రములలో పొలములతో పాటు అప్పులను గూడ అన్నదమ్ములు పంచుకొందురు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేండ్లు. ఆ లోపల చెల్లు వేయింపకున్నను, తిరుగ వ్రాయింపకున్నను కాలదోషము పట్టును. వ్రాత మీది అప్పును మూడు తరములు తీర్చవలెనని యాజ్ఞవల్క్యుడు, మూడేండ్లు దాటినచో కోర్టు చెవిని బెట్టదని చట్టము! ఈ రెంటి నడుమ షావుకారు కనుగొన్న ఉపాయము సుప్రసిద్ధము. తండ్రి పోయిన కొలది దినములకే కొడుకు చేత పాత బాకీ క్రింద క్రొత్త నోటు వ్రాయించుకొనును. ఆ సంతకముతో శాస్త్రముతో గాని, పిత్రార్జితముతో గాని పని లేకుండ కొడుకు స్వయముగా బద్ధుడగును. కొడుకు బాధ్యతను గూర్చి ప్రివీ కౌన్సిలు చెప్పిన దంతయు ఒక యెత్తు, ఈ యొక్క సంతకము ఒక యెత్తు. 1938లో మద్రాసు రాజధానిలో వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు విముక్తుడని చెప్పి, పోయిన ద్విగుణ నియమమును ఒక రూపమున తిరిగి తెచ్చినది. ఆ చట్టము అక్కఱకు వచ్చిన కుటుంబములు కృష్ణా గోదావరీ మండలములలో నేటికిని దానిని తలచుకొనుట కలదు.

స్వాతంత్ర్యానంతరము 1953లో సిద్ధేశ్వర ముఖర్జీ వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఈ బాధ్యత చరిత్రను మరల విమర్శించి చూచెను గాని, సూత్రమును త్రోసివేయలేదు. 1956 వారసత్వ చట్టము దీనిని ముట్టలేదు. 1975లో కేరళ ఉమ్మడి కుటుంబ వ్యవస్థతో పాటు దీనిని గూడ రద్దు చేసెను. ఆంధ్రప్రదేశము 1985 నుండి అవివాహితలగు కుమార్తెలకు జన్మహక్కు నిచ్చుటలో ముందు నడచినది కాని, ఋణబాధ్యత జోలికి పోలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలునకు వచ్చిన సవరణ చట్టము 6వ సెక్షనులో కుమార్తెకు జన్మహక్కు నిచ్చుచు, అదే సెక్షను నాలుగవ ఉపవిభాగమున, కేవలము ధార్మిక బాధ్యత యను కారణము మీద కొడుకు, మనుమడు, మునిమనుమల పైకి ఋణము కొఱకు పోవు హక్కును కోర్టులు గుర్తింపరాదని శాసించినది. అంతకు పూర్వము చేసిన అప్పులను మినహాయించినది. మునిమనుమని పేర్కొనుట 1926 తీర్పునకు జవాబు. కుమార్తె పేరు ఇందు లేదు; ఆమె మీద ఈ ధార్మిక బాధ్యతను శాస్త్రము ఎన్నడును మోపియుండలేదు.

ఇప్పుడు నిలిచినది రిక్థగ్రాహి సూత్రమే. సివిలు ప్రొసీజరు కోడు 50వ సెక్షను ప్రకారము మృతుని ఆస్తి ఎంత చేతికి వచ్చినదో అంత మేరకే వారసుడు అప్పునకు బాధ్యుడు. కొడుకని గాని, కుమార్తె యని గాని భేదము లేదు. ఇస్లాము ధర్మశాస్త్రము మొదటినుండియు ఇట్టిదే. మృతుని అప్పులు తీరిన పిమ్మటనే వారసుల భాగములు లెక్కకు వచ్చును, వారసుడు తన భాగమును మించి బాధ్యుడు కాడు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన రెండు సూత్రములలో మొదటిది నిలిచి, రెండవది చట్టమునుండి తొలగినది.

చట్టమునుండి తొలగినది లోకమునుండి తొలగినదని చెప్పుటకు మాత్రము ఆధారములు లేవు. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆత్మహత్య చేసికొన్న రైతుల కుటుంబములకు లక్షన్నర రూపాయల సహాయము ప్రకటించినప్పుడు, అందులో లక్ష కుటుంబమునకును, యాబదివేలు అప్పులవారితో ఒక్కసారి పరిష్కారమునకును వేఱుచేసి పెట్టినది. మృతుని అప్పు మృతునితో పోదనియు, అడుగువారు గుమ్మమున నిలుతురనియు ప్రభుత్వమే లెక్కలోనికి తీసికొనవలసి వచ్చినది. అట్టి యిండ్లలో కొడుకులు పెక్కుచోట్ల పసివారు. అప్పిచ్చినవారి ఎదుట నిలుచునది మృతుని భార్య. భర్త చేసిన అప్పును గాని, కొడుకు చేసిన అప్పును గాని స్త్రీ తీర్చ నక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. తాను ఒప్పుకొన్నదియు, భర్తతో కలిసి చేసినదియు, తాను స్వయముగా చేసినదియు మాత్రమే ఆమె తీర్చవలెను. తాను ఒప్పుకొన్నది యను మాట దగ్గఱనే షావుకారు క్రొత్త నోటు పుస్తకము తెఱచును.